ఐస్ హాకీ ఆటగాడు కోచ్ అయ్యే దారి: గోదావరి జిల్లాల కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో పిల్లలకు రోలర్ స్కేటింగ్ నేర్పుతాను. కెనడాలో ఉన్న మా చెల్లెలి ఇంట్లో రెండు శీతాకాలాలు ఉండి, మేనల్లుడిని తెల్లవారకముందే రింకుకు, అంటే మంచు మైదానానికి, తీసుకువెళ్లి, వాడు ఆడుతున్నంతసేపూ చెక్క మెట్ల మీద కూర్చుని చూశాను. ఈ రెండు కారణాల వల్ల ఐస్ హాకీ గురించిన సందేహాలు నా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. కోనసీమలోనూ, భీమవరం, కాకినాడ వైపునా కొడుకో కూతురో ఉత్తర అమెరికాలో స్థిరపడిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ పుట్టిన మనవళ్లు హాకీ కర్ర పట్టుకున్నారని తెలియగానే ఇక్కడి తాతయ్యలూ అమ్మమ్మలూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే: ఈ ఆట కూడు పెడుతుందా, ఒళ్లు పాడైతే ఎలా, ఆట అయిపోయాక ఏం చేస్తాడు? ఆ ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే, దశలవారీగా ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఆటను అర్థం చేసుకునే దశ

మనకు తెలిసిన హాకీకీ, ఈ ఐస్ హాకీకీ తేడా ఏమిటి?

కర్రతో గోలు కొట్టడం ఒక్కటే రెండింటికీ ఉమ్మడి. మైదానం మీద ఆడే హాకీలో జట్టుకు 11 మంది ఉంటారు, 15 నిమిషాల చొప్పున 4 భాగాలు ఆడతారు. ఐస్ హాకీలో గోల్ కీపర్‌తో కలిపి 6 గురే మంచు మీద ఉంటారు, 20 నిమిషాల చొప్పున 3 పీరియడ్లు ఆడతారు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాని మందం 1 అంగుళం, అడ్డుకొలత 3 అంగుళాలు, బరువు సుమారు 160 గ్రాములు. ఉత్తర అమెరికాలో రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. చుట్టూ బోర్డులు కట్టి ఉంటాయి కనుక పక్ గోడకు తగిలి మళ్లీ ఆటలోకే వస్తుంది. అన్నిటికంటే పెద్ద తేడా ఏమిటంటే, ఆట సాగుతుండగానే ఆటగాళ్లు మారుతుంటారు. ఒక్కొక్కరు సుమారు 45 సెకన్లు శక్తినంతా పెట్టి ఆడి బెంచీకి వచ్చేస్తారు, వెంటనే మరొకరు బోర్డు దాటి దూకుతారు. ఎవరు ఎప్పుడు దిగాలో క్షణక్షణం నిర్ణయించవలసి రావడం వల్లనే ఈ ఆటలో కోచ్‌కు అంత పని పడింది.

బయట ఎండ కాస్తున్నా రింకులో మంచు ఎలా నిలుస్తుంది?

రొయ్యల చెరువుల పక్కన పెరిగిన మనకు ఇది తేలికగా అర్థమయ్యే విషయం. మన ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా యంత్రం ఉప్పునీటిని సున్నా కంటే బాగా దిగువకు చల్లబరుస్తుంది, ఆ ఉప్పునీటిలో దించిన డబ్బాలలోని మంచినీరు దిమ్మగా గడ్డకడుతుంది. రింకులో జరిగేది కూడా ఇదే. తేడా ఏమిటంటే, చల్లబడిన ఉప్పునీరు కాంక్రీటు నేల కింద పరిచిన గొట్టాల్లో ప్రవహిస్తుంది, ఆ నేల మీద నీటిని పలుచటి పొరలుగా చల్లుతూ 1 నుంచి 1.5 అంగుళాల మందం వచ్చేవరకు గడ్డకట్టిస్తారు. మంచు ఉపరితలం సుమారు మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది. పీరియడ్ల మధ్య ఒక బండి వచ్చి, గీతలు పడిన పైపొరను గీకి, వేడినీటిని సన్నగా పరుస్తుంది. వేడినీరు కింది మంచును కొద్దిగా కరిగించి దానితో కలిసిపోయి గడ్డకడుతుంది కనుక నేల అద్దంలా తయారవుతుంది. తొలిసారి ఆ బండిని చూసినప్పుడు, గొర్రు తోలిన తరువాత చదునైన వరిమడిని చూసినంత తృప్తి కలిగింది నాకు.

ఇక్కడ రోలర్ స్కేటింగ్ నేర్చుకున్న పిల్ల మంచు మీద ఆడగలదా?

ఆడగలదు, కానీ కొత్తగా నేర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వరుస చక్రాల స్కేట్ల మీద శరీరాన్ని ముందుకు వంచడం, ఒక కాలి మీద బరువు ఉంచి రెండో కాలితో తోయడం వచ్చిన పిల్లకు మంచు మీద తొలి వారం భయం ఉండదు. అసలు ఇబ్బంది ఆగడంలో వస్తుంది. మంచు మీద రెండు పాదాలనూ అడ్డంగా తిప్పి, బ్లేడుతో మంచును గీకుతూ ఒక్కసారిగా ఆగుతారు. చక్రాలు గచ్చును పట్టుకుంటాయి కనుక ఆ పని గచ్చు మీద అంత సులభం కాదు. బ్లేడుకు లోపలి అంచు, వెలుపలి అంచు అని రెండు ఉంటాయి, వాటి మధ్య బరువు మార్చుకోవడమే ఈ ఆటకు అక్షరాభ్యాసం. మా దగ్గర కల్యాణ మండపం గచ్చు మీద నేర్చుకున్న ఒక అమ్మాయి విదేశంలో ఉన్న పెదనాన్నగారి ఊరు వెళ్లి, పది రోజుల్లో మంచు మీద ధైర్యంగా మలుపులు తిరిగింది. ఆగడానికి మాత్రం ఆమెకు నెల పట్టింది.

ఎన్నేళ్లకు మొదలుపెట్టాలి? పన్నెండేళ్లు వచ్చేశాయి, ఆలస్యమైందా?

వృత్తి ఆటగాళ్లు అయినవారిలో ఎక్కువమంది 4 నుంచి 6 ఏళ్ల మధ్య స్కేట్లు కట్టినవారే. పన్నెండేళ్లకు మొదలుపెట్టిన పిల్లవాడు ఆ స్థాయికి చేరడం చాలా కష్టం, ఆ మాట దాచి చెప్పడం న్యాయం కాదు. అయితే ఆటను ప్రేమించడానికి, కళాశాల స్థాయిలో సరదాగా ఆడడానికి, పెద్దయ్యాక చిన్నపిల్లలకు నేర్పడానికి పన్నెండేళ్లు ఆలస్యం కాదు.

ఖర్చు ఎక్కువంటున్నారు, నిజమేనా?

నిజమే. స్కేట్లు, హెల్మెట్, భుజాలకూ మోకాళ్లకూ రక్షణలు, కర్రలు, రింకు రుసుము, ఊరూరా పోటీలకు ప్రయాణాలు అన్నీ కలిపితే పిల్లలు ఆడే ఆటల్లో బాగా ఖరీదైన వాటిలో ఇది ఒకటి. గోల్ కీపర్ సామగ్రికి ఇంకా ఎక్కువ అవుతుంది. ఎదిగే పాదానికి స్కేట్లు తరచుగా మార్చవలసి వస్తుంది కనుక చాలా కుటుంబాలు ఒకరు వాడినవి మరొకరికి ఇచ్చుకుంటాయి. అందులో చిన్నతనం ఏమీ లేదు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి.

## వృత్తి ఆటగాడిగా ఎదిగే దశ

పెద్ద లీగ్‌లోకి పిల్లలను ఎలా తీసుకుంటారు?

నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. ప్రతి ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో అవి వంతులవారీగా యువ ఆటగాళ్లను ఎంచుకుంటాయి. మొత్తం 7 రౌండ్లు, అంటే 224 ఎంపికలు. ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటికి 18 ఏళ్లు నిండేవారు తొలిసారి అర్హులవుతారు. అక్కడికి చేరే దారులు ముఖ్యంగా మూడు: కెనడాలోని జూనియర్ లీగులు, అమెరికాలోని విశ్వవిద్యాలయ జట్లు, ఐరోపా దేశాల క్లబ్బులు. ఎంపికైనంత మాత్రాన మరుసటి రోజే పెద్ద జట్టులో చోటు దొరకదు. ఎక్కువమంది కొన్నేళ్లు జూనియర్ జట్టులోనో, కళాశాలలోనో, అమెరికన్ హాకీ లీగ్ అనే రెండో మెట్టు లీగ్‌లోనో ఆడి రాటుదేలుతారు. ఆ 224 మందిలో చాలామంది పెద్ద లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వెనుదిరుగుతారన్న సంగతి కుటుంబాలు ముందే తెలుసుకోవాలి.

డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే ఇక అంతేనా?

అంతే కాదని చెప్పడానికి మార్టిన్ సెయింట్ లూయిస్ జీవితం చాలు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడాడు, పొట్టివాడని ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. తరువాత కాల్గరీ జట్టు ఒప్పందం ఇచ్చింది, 2000లో వదిలేసింది. టాంపా బే చేరదీసింది. 2004లో లీగ్‌లో అత్యధిక పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించి, అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకుని, అదే ఏడాది లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ కూడా ఎత్తాడు. 2015లో ఆట మాని, తన కుమారులు ఆడే పిల్లల జట్లకు శిక్షణ ఇస్తూ గడిపాడు. 2022 ఫిబ్రవరిలో మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు నేరుగా పిలిచి హెడ్ కోచ్ బాధ్యత అప్పగించింది. వృత్తి స్థాయిలో అంతకుముందు అసిస్టెంట్‌గా కూడా పనిచేయని మనిషికి అటువంటి అవకాశం రావడం చాలా అరుదు. నా దృష్టిలో అతనికి అసలు పాఠశాల ఆ కాలంలో పిల్లల రింకులో నిలబడి ఒకే విషయాన్ని పది రకాలుగా చెప్పడమే.

చదువు సంగతేమిటి? ఆట కోసం చదువు మానేయాలా?

మానవలసిన పని లేదు. కెనడా ప్రధాన జూనియర్ లీగుల్లో ఆడే పిల్లలకు, ఆడిన సీజన్లను బట్టి తరువాతి చదువుకు ఉపకార వేతనం ఇచ్చే పద్ధతి ఉంది. పూర్వం ఆ లీగుల్లో ఆడినవారిని అమెరికా విశ్వవిద్యాలయ హాకీలోకి రానిచ్చేవారు కాదు కనుక 16 ఏళ్ల వయసులోనే ఒక దారిని శాశ్వతంగా ఎంచుకోవలసి వచ్చేది. ఆ నిబంధన 2024 నవంబరులో మారింది, 2025 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పుడు జూనియర్ ఆడిన పిల్లవాడు తరువాత అమెరికా విశ్వవిద్యాలయ జట్టులో చేరవచ్చు. పాత నిబంధనను పట్టుకుని పిల్లలను భయపెట్టే బంధువులకు ఈ విషయం తప్పక చెప్పండి. చదువుకున్న ఆటగాడికి కోచ్ అయ్యాక కూడా ఆ చదువు అక్కరకు వస్తుంది, ఎందుకంటే ఈ రోజు కోచ్ గదిలో అంకెలు, వీడియోలు, ఎదుటివారికి విషయం విడమరచి చెప్పే నేర్పు లేకుండా పని నడవదు.

డబ్బు బాగా వస్తుందా?

పై మెట్టు చేరితే వస్తుంది. నేషనల్ హాకీ లీగ్‌లో 2025-26 సీజన్‌కు ఒక ఆటగాడి కనీస వార్షిక వేతనం 7,75,000 డాలర్లు. కింది లీగులలో అందులో చిన్న భాగమే ఉంటుంది. మూడో మెట్టు లీగ్‌లో ఆడేవారిలో చాలామంది వేసవిలో మరో పని చేసుకుంటారు. పైగా పెద్ద జీతం వచ్చే కాలం చాలామందికి కొద్ది ఏళ్లే. ఒక మంచి పంట చూసి జీవితమంతా లెక్క వేసుకోకూడదని మన రైతు కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు.

## ఆడుతున్న కాలం

ఆటగాడి ఏడాది ఎలా గడుస్తుంది?

సెప్టెంబరులో శిక్షణ శిబిరం, అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు లీగ్ దశలో 80కి పైగా మ్యాచ్‌లు, ఆ తరువాత విజేతను తేల్చే ప్లేఆఫ్స్. చివరి వరకు నిలిచిన జట్టు జూన్‌లో కూడా ఆడుతూనే ఉంటుంది. ప్లేఆఫ్స్‌లో ప్రతి దశలోనూ 7 మ్యాచ్‌లలో 4 గెలవాలి, అటువంటి దశలు 4 దాటితేనే స్టాన్లీ కప్ దక్కుతుంది. నెలలో సగం రోజులు విమానాల్లో, హోటళ్లలో గడుస్తాయి. కోచ్‌ది కూడా ఇదే బతుకు, పైగా ఆటగాళ్లు నిద్రపోయాక అతను మరుసటి ప్రత్యర్థి వీడియో చూస్తుంటాడు. ఆట మానితే ఇంటిపట్టున ఉంటాడని ఎదురుచూసిన భార్యాబిడ్డలకు కోచ్ ఉద్యోగం తొలి ఏళ్లలో కష్టంగా తోచడం సహజం.

దెబ్బల గురించి భయంగా ఉంది. నిజంగా అంత ప్రమాదమా?

ప్రమాదం ఉంది, తేలికగా కొట్టిపారేయకూడదు. పళ్లు ఊడటం, భుజం జారటం, మోకాలి కీలును పట్టి ఉంచే లిగమెంట్లు తెగటం ఈ ఆటలో తరచుగా వినిపించేవే. అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది తల విషయంలో. తలకు కుదుపు తగిలాక వైద్యుడు అనుమతించకుండా మంచు మీద అడుగు పెట్టకూడదు. లక్షణాలు పైకి కనబడకపోయినా మెదడు కోలుకోవడానికి సమయం కావాలి. అమెరికాలో 2011 నుంచి, కెనడాలో 2013 నుంచి చిన్న వయసు విభాగాలలో ఒంటితో ఢీకొట్టడాన్ని నిషేధించారు, ఇప్పుడు సుమారు 13 ఏళ్ల విభాగం నుంచే దానిని అనుమతిస్తారు. ఒకప్పుడు పెద్ద లీగ్‌లోనే హెల్మెట్ లేకుండా ఆడేవారు. 1979లో కొత్తగా చేరేవారికి తప్పనిసరి చేశారు, అంతకుముందే చేరినవారికి మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపుతో చివరివరకు హెల్మెట్ లేకుండా ఆడిన క్రెయిగ్ మాక్టావిష్ 1997లో ఆట మాని, తరువాత ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు కోచ్ అయి 2006లో జట్టును ఫైనల్‌కు తీసుకువెళ్లాడు. మా మేనల్లుడి జట్టులో ఒకసారి తల తిరుగుతోందన్న పిల్లవాడిని కోచ్ వెంటనే బెంచీ మీద కూర్చోబెట్టి, తండ్రి బతిమాలినా మళ్లీ దించలేదు. ఆ రోజు ఆ జట్టు ఓడిపోయింది. ఆ కోచ్ మీద నాకు ఇప్పటికీ గౌరవం.

ఆడుతున్నప్పుడే కోచ్ కావడానికి సిద్ధపడవచ్చా?

సిద్ధపడవచ్చు, పడాలి కూడా. నేను గమనించినంతలో మంచి కోచ్‌లైన ఆటగాళ్లలో చాలామంది జట్టులో మూడో, నాలుగో లైనులో (లైను అంటే కలిసి మంచు మీదికి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు) ఆడినవారు. ఫేసాఫ్ (రిఫరీ ఇద్దరు ఆటగాళ్ల మధ్య పక్ పడవేసి ఆట మొదలుపెట్టడం) గెలవడం, మన ఆటగాడు శిక్షగా బయట కూర్చున్నప్పుడు ఎక్కువ మందితో ఆడే ప్రత్యర్థి పవర్ ప్లేను అడ్డుకోవడం వంటి, కష్టం ఎక్కువగా ఉండి చప్పట్లు తక్కువగా వచ్చే పనులు చేసినవారు. సహజ ప్రతిభతో నెగ్గలేని ఆటగాడు ఆటను చదవక తప్పదు. బెంచీ మీద కూర్చున్న సమయంలో పక్ వెంట చూపు పరిగెత్తకుండా, పక్ లేనిచోట ఎదుటి డిఫెన్స్ ఏం చేస్తోందో చూడటం, మ్యాచ్ అయ్యాక కోచ్ ఎందుకలా చేశాడో మర్యాదగా అడిగి తెలుసుకోవడం, వేసవి శిబిరాల్లో పిల్లలకు నేర్పడం ఇందుకు పునాదులు. నేర్పడం మొదలుపెట్టాకే తనకు ఏది అరకొరగా తెలుసో మనిషికి బోధపడుతుంది.

## ఆట మాని కోచ్‌గా మారే దశ

ఆట ఎప్పుడు మానాలి? ఎలా తెలుస్తుంది?

కొందరికి శరీరం చెబుతుంది, కొందరికి ఫోను మోగకపోవడం చెబుతుంది. ఈ మలుపును అర్థం చేసుకోవడానికి మానీ మల్హోత్రా జీవితం నాకు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. అతని తండ్రి భారతీయ మూలాలున్నవాడు, తల్లి ఫ్రెంచ్ కెనేడియన్. 1998 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ అతన్ని 7వ స్థానంలో ఎంచుకుంది. గోల్స్ కొల్లగొట్టే ఆటగాడు కాలేదు, ఫేసాఫ్‌లలోనూ రక్షణలోనూ నమ్మదగిన మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. 2011 మార్చిలో వాంకూవర్ తరఫున ఆడుతుండగా పక్ ఎగిరి ఎడమ కంటికి తగిలి చూపు తీవ్రంగా దెబ్బతింది. శస్త్రచికిత్సలు చేయించుకుని, అదే ఏడాది జూన్‌లో జరిగిన స్టాన్లీ కప్ ఫైనల్‌లో మళ్లీ మంచు మీదికి వచ్చినప్పుడు స్టేడియం అంతా లేచి నిలబడింది. తరువాత కొన్ని సీజన్లు ఆడి, మొత్తం 991 లీగ్ మ్యాచ్‌లతో ఆగాడు.

వెంటనే హెడ్ కోచ్ కుర్చీ కోసం చూడలేదు. 2016లో వాంకూవర్ జట్టులోనే యువకులను తీర్చిదిద్దే పనిలో చేరి, 2017 నుంచి అసిస్టెంట్‌గా, 2020 నుంచి 2024 వరకు టొరంటోలో అసిస్టెంట్‌గా పనిచేశాడు. 2024లో అమెరికన్ హాకీ లీగ్‌లోని ఆబట్స్‌ఫోర్డ్ కనక్స్‌కు హెడ్ కోచ్ అయ్యాడు, తొలి సీజన్‌లోనే, 2025 జూన్‌లో, ఆ లీగ్ కిరీటమైన కాల్డర్ కప్ గెలిపించాడు. ఆటకూ కోచ్ పదవికీ మధ్య ఓపికగా గడిపిన ఆ ఎనిమిదేళ్లను మన పిల్లలకు చెప్పాలని నా కోరిక.

గొప్పగా ఆడినవాడే గొప్ప కోచ్ అవుతాడు కదా?

అలాంటి నియమం లేదు. వేన్ గ్రెట్స్కీ కంటే ఎక్కువ పాయింట్లు చేసిన ఆటగాడు పెద్ద లీగ్‌లో లేడు. అతను 2005 నుంచి 2009 వరకు ఫీనిక్స్ జట్టుకు కోచ్‌గా ఉన్న 4 సీజన్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ చేరలేదు. కోచ్‌గా 9 స్టాన్లీ కప్‌లు గెలిచిన స్కాటీ బోమన్ జూనియర్ స్థాయిలో తలకు దెబ్బ తగిలాక ఆట నుంచి తప్పుకుని శిక్షణ వైపు వచ్చినవాడు. జారెడ్ బెడ్నార్ పెద్ద లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. కింది లీగుల్లో ఆడి, కోచ్‌గా 2009లో మూడో మెట్టు లీగ్ కప్, 2016లో రెండో మెట్టు లీగ్ కప్, 2022లో కొలరాడోతో స్టాన్లీ కప్ వరుసగా గెలిచాడు. 2020, 2021లో టాంపా బేకు కప్ తెచ్చిన జాన్ కూపర్ అంతకుముందు న్యాయవాది. అయితే ఆటగాడిగా కెప్టెన్‌గా కప్ ఎత్తి, అదే జట్టుకు కోచ్‌గా రాణించిన రాడ్ బ్రిండమోర్ వంటివారూ ఉన్నారు. కరొలినాకు 2006లో కప్ అందించిన అతను 2018లో హెడ్ కోచ్ అయి, 2021లో ఉత్తమ కోచ్ పురస్కారం అందుకున్నాడు. చేతికి వచ్చిన విద్యను నోటితో చెప్పగలగడం, తనకు సులువైనది ఎదుటివాడికి ఎందుకు కష్టంగా ఉందో ఓర్పుతో కనిపెట్టడం వేరే విద్య. సంగీతం మాస్టార్ల దగ్గర కూర్చున్నవారికి ఈ తేడా బాగా తెలుసు.

ఒకే మనిషి ఆటగాడుగానూ కోచ్‌గానూ ఉండవచ్చా?

పూర్వం ఉండేవారు. 1928 స్టాన్లీ కప్ ఫైనల్‌లో న్యూయార్క్ రేంజర్స్ గోల్ కీపర్ కంటికి గాయమైతే, 44 ఏళ్ల కోచ్ లెస్టర్ పాట్రిక్ తానే రక్షణలు కట్టుకుని గోల్ ముందు నిలబడ్డాడు. ఆ మ్యాచ్ అదనపు సమయంలో 2-1తో గెలిచారు, చివరికి కప్ కూడా వారిదే. నేటి పెద్ద లీగ్‌లో ఇది జరగదు. చిన్న స్థానిక జట్లలో మాత్రం అనుభవజ్ఞుడైన ఆటగాడే తోటివారికి శిక్షణ ఇవ్వడం కనిపిస్తుంది.

కోచ్ కావాలంటే సర్టిఫికెట్ ఉండాలా?

పిల్లల జట్లకు ఉండాలి. కెనడాలో జాతీయ కోచింగ్ ధ్రువీకరణ కార్యక్రమం కింద, అమెరికాలో ఆ దేశపు హాకీ సంఘం మెట్లవారీగా నడిపే శిక్షణ కింద అర్హత పొందాలి. పిల్లల భద్రతపై శిక్షణ, పోలీసు రికార్డుల పరిశీలన కూడా తప్పనిసరి. పెద్ద లీగ్‌లో కాగితం కంటే పనితనాన్ని, పరిచయాన్ని చూస్తారు. అయినా తొలి మెట్టు అర్హతలు ఆడుతున్న రోజుల్లోనే వేసవి సెలవుల్లో సంపాదించుకోవడం తెలివైన పని.

## కోచ్‌గా పని చేసే దశ

మ్యాచ్ జరుగుతుంటే కోచ్ బెంచీ వెనక నిలబడి ఏం చేస్తాడు?

చూసేవారికి ఊరికే నిలబడినట్లు ఉంటుంది కానీ, 20 మందిని సంబాళించే పని అది. 12 మంది ఫార్వర్డ్‌లు, 6 గురు డిఫెన్స్‌వారు, 2 గోల్ కీపర్లు ఉంటారు. ఫార్వర్డ్‌లను ముగ్గురేసి చొప్పున 4 లైనులుగా, డిఫెన్స్‌ను 3 జంటలుగా నడపాలి. ప్రత్యర్థి బలమైన లైను దిగిందా, దాన్ని అడ్డుకునే లైనును దింపాలి. ఆట ఆగినప్పుడు చివరగా మార్చుకునే హక్కు సొంత ఊరి జట్టుకు ఉంటుంది కనుక బయటి ఊళ్లో కోచ్‌కు పని ఇంకా కష్టం. ఒక గోల్ తేడాతో వెనుకబడి చివరి రెండు నిమిషాలు మిగిలినప్పుడు గోల్ కీపర్‌ను పిలిచి అదనపు ఫార్వర్డ్‌ను దింపాలా, రిఫరీ నిర్ణయాన్ని సవాలు చేయాలా అన్నవి క్షణాల్లో తేల్చుకోవాలి. సవాలు వీగిపోతే జట్టుకు పెనాల్టీ పడుతుంది. గోదావరి వరదలో లాంచీ నడిపే సరంగు కళ్లు నీటి మీదే ఉన్నా చెవి ఇంజను మీద ఉన్నట్లు, అనుభవం ఉన్న కోచ్ ఆటను చూస్తూనే వెనక్కి వచ్చిన ఆటగాడి ఊపిరి వింటూ ఉంటాడు.

కోచ్‌లను ఊరికే తీసేస్తుంటారట, ఆ ఉద్యోగానికి భరోసా ఏది?

భరోసా తక్కువే. ఆటగాళ్లందరినీ మార్చలేరు కనుక జట్టు ఓడుతుంటే ముందు కోచ్‌ను మారుస్తారు. అయితే ఒకరి తొలగింపే మరొకరికి తలుపు తెరుస్తుంది. క్రెయిగ్ బెరూబీ 17 సీజన్లలో 1,000కి పైగా మ్యాచ్‌లు ఆడిన మొరటు ఆటగాడు, శిక్షగా మంచు బయట కూర్చోబెట్టే పెనాల్టీల్లోనే 3,000 నిమిషాలకు పైగా గడిపాడు. 2018 నవంబరులో సెయింట్ లూయిస్ బ్లూస్ తాత్కాలిక కోచ్‌గా పగ్గాలు అందుకున్నాడు. 2019 జనవరి మొదటి రోజుల్లో ఆ జట్టు లీగ్ మొత్తంలో అట్టడుగున ఉంది. అదే ఏడాది జూన్‌లో స్టాన్లీ కప్ గెలిచింది. తొలగించిన కోచ్‌లకు కూడా చాలాసార్లు మరో జట్టులో అసిస్టెంట్ పని దొరుకుతుంది. ఈ వృత్తిలోకి వెళ్లే కుటుంబం ఊళ్లు మారడానికి, పిల్లల బడులు మారడానికి మనసు సిద్ధం చేసుకోవాలి.

ఆడపిల్లలకు ఈ దారి తెరుచుకుందా?

తెరుచుకుంటోంది. ఉత్తర అమెరికాలో మహిళల వృత్తి లీగ్ 2024 జనవరి 1న మొదలైంది. కెనడా జాతీయ జట్టుకు ఆడిన జెస్సికా క్యాంబెల్ ఆట మానాక వృత్తి ఆటగాళ్లకు స్కేటింగ్ మెళకువలు నేర్పుతూ పేరు తెచ్చుకుని, రెండో మెట్టు లీగ్‌లో అసిస్టెంట్‌గా పనిచేసి, 2024లో సియాటిల్ క్రాకెన్‌లో చేరింది. పెద్ద లీగ్ బెంచీ వెనక పూర్తికాలపు అసిస్టెంట్ కోచ్‌గా నిలబడిన తొలి మహిళ ఆమె. ఆమెను అక్కడికి చేర్చినది ఒక్క విషయంలో సంపాదించిన లోతైన నేర్పు. మా దగ్గరకు వచ్చే అమ్మాయిల తల్లులకు నేను ముందు ఈమె సంగతే చెబుతాను.

## మన దేశం, మన ఊరు

భారతదేశంలో ఐస్ హాకీ ఉందా?

ఉంది. భారత ఐస్ హాకీ సంఘం 1989 నుంచి అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యురాలు. ఆటకు ప్రాణం లద్దాఖ్. లేహ్ చుట్టుపక్కల శీతాకాలంలో చెరువులు గడ్డకట్టిన రెండు నెలలే చాలాకాలం వారికి సీజన్. 2024లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ హాకీ పోటీలు లేహ్‌లో జరిగాయి. దేశపు మహిళల జట్టు 2016లో తొలిసారి అంతర్జాతీయ పోటీ ఆడింది, 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై 4-3తో తొలి విజయం సాధించింది, 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఏడాదిలో కొద్ది నెలలే మంచు దొరికే చోట నుంచి వచ్చిన ఆ అమ్మాయిల పతకం నాకు చాలా పెద్దది. మన దేశంలో ఇప్పుడు ఈ ఆటకు ఆటగాళ్లెంత అవసరమో, నేర్పేవారు అంతకంటే ఎక్కువ అవసరం.

గోదావరి జిల్లాల్లో ఉండి మా పిల్లవాడు ఏం చేయగలడు?

వరుస చక్రాల స్కేట్లతో ఆడే ఇన్‌లైన్ హాకీ, నాలుగు చక్రాల స్కేట్లతో ఆడే రోలర్ హాకీ రెండూ భారత రోలర్ స్కేటింగ్ సమాఖ్య పరిధిలో జాతీయ స్థాయి వరకు ఉన్నాయి. నున్నటి గచ్చు, హెల్మెట్, మోకాలి రక్షణ ఉంటే మన ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. జూన్ నుంచి వానలు, గాలిలో తేమ వల్ల గచ్చు జారుతుంది కనుక కప్పు ఉన్న చోటు చూసుకోండి. ఉప్పుగాలికి బేరింగులు త్వరగా తుప్పు పడతాయి, వారానికోసారి విప్పి తుడిచి నూనె వేయండి. ఇంట్లో కర్రతో బంతిని తల ఎత్తి నడపడం రోజూ అరగంట సాధన చేయిస్తే, రేపు మంచు మీదికి వెళ్లినా ఆ చేతివాటం అక్కరకు వస్తుంది.

అక్కడున్న మనవడితో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆట గురించి ఏం అడగాలి?

ఎన్ని గోల్స్ కొట్టావని మాత్రం ముందు అడగకండి. డిఫెన్స్‌లో ఆడే పిల్లవాడికీ, గోల్ కీపర్‌కూ ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. ఈ వారం కోచ్‌గారు కొత్తగా ఏం నేర్పారు, బెంచీ మీద ఉన్నప్పుడు ఏం గమనించావు, చిన్న జట్టు పిల్లలకు నువ్వేమైనా చూపించావా అని అడగండి. మా అమ్మ ఇంగ్లిషు రాకపోయినా మేనల్లుడిని ఈ మూడే అడిగేది. వాడు స్క్రీను ముందు కర్ర పట్టుకుని, వచ్చీరాని తెలుగులో, ఫేసాఫ్‌కు ఎలా వంగాలో అమ్మమ్మకు నేర్పేవాడు. ఇప్పుడు వాడికి పదిహేనేళ్లు, ఆదివారాలు ఆరేళ్ల పిల్లల శిక్షణలో పెద్ద కోచ్‌కు సాయంగా వెళ్లి, జారిపడినవాళ్లను లేపి నిలబెడుతున్నాడు.